ఉసూరు దారిలో ఇనుప ఘటోత్కచుడు

రాజకీయాలు రాసుకునేవాడికి రాకాసి రోబోలతో పనేమిటని మీరు అడగవచ్చు. పని ఉంది. ఒక సమాజం యుద్ధాన్ని ఎలా ఊహించుకుంటున్నదో దాని పార్లమెంటు చర్చలకంటే ముందు దాని వినోదంలో తెలుస్తుంది. కొన్ని దశాబ్దాలుగా ప్రపంచం మళ్లీ మళ్లీ చూస్తున్న ఊహ ఒకటుంది. ఆరంతస్తుల మేడంత ఉక్కుమనిషి. అతని గుండెలోనో తలలోనో ఒక చిన్న గది. ఆ గదిలో కూర్చుని మీటలు తిప్పే మామూలు మనిషి. 1979లో జపాన్ టెలివిజన్‌లో అడుగుపెట్టిన గండమ్ ఎత్తు 18 మీటర్లు. 2013 నాటి హాలీవుడ్ చిత్రం ‘పసిఫిక్ రిమ్’లో ఆ ఎత్తు ఇంచుమించు నాలుగింతలైంది. మన ‘కల్కి 2898 ఏడీ’లో ప్రభాస్ ఎక్కి తిరిగిన బుజ్జిని ఆ వంశంలో పొట్టి చెల్లెలనుకోవచ్చు.

ఈ ఊహను ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. అలాంటి యంత్రం నిజమైన యుద్ధంలో పనికొస్తుందా, రాకపోతే ఎందుకు రాదు, అయినా మనకు దానిమీద అంత మోజెందుకు అన్న ప్రశ్నలను పట్టుకుని పోతే, అవి తిన్నగా మన పొరుగున జరిగిన ఒక యుద్ధంలోకి తీసుకుపోతాయి.

ఊహ కొత్తదేమీ కాదు. ద్రోణపర్వంలో భగదత్తుడు సుప్రతీకమనే ఏనుగునెక్కి పాండవ సేనను చెల్లాచెదురు చేస్తాడు. మనిషి లోపల కూర్చుని నడిపే రాకాసి యంత్రానికి అసలైన పూర్వీకుడు మావటివాడు నడిపిన యుద్ధపుటేనుగే. ఎత్తు, బరువు, భయపెట్టే ఆకారం అన్నీ దానికున్నాయి. దాని బలహీనతా అక్కడే ఉంది. బెదిరిన ఏనుగు వెనుదిరిగితే తొక్కేది సొంత సేననే. కార్తేజి ఏనుగుల మావటీలు ఉలీ సుత్తీ దగ్గర పెట్టుకునేవారనీ, ఏనుగు అదుపు తప్పితే దాని మెడలో ఉలి దిగగొట్టి చంపేవారనీ రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. ఆ యుద్ధం క్రీస్తుపూర్వం 207లో జరిగింది. పెద్ద యంత్రం తనవారికే ప్రమాదమన్న ఎరుక అంత పాతది.

ఇక లెక్కల సంగతి. ఎత్తు రెండింతలైతే ఎముక మందం వల్ల వచ్చే బలం నాలుగింతలే అవుతుంది, బరువు మాత్రం ఎనిమిదింతలవుతుంది. గెలీలియో 1638లోనే ఈ మాట చెప్పాడు. డెబ్బై కిలోల మనిషిని అదే ఆకారంలో 18 మీటర్లకు సాగదీస్తే ఎత్తు పదింతలు, పాదం వైశాల్యం వందింతలు, బరువు వెయ్యింతలు. అంటే డెబ్బై టన్నులు. మన సైన్యం వాడే టీ-90 ట్యాంకు 46 టన్నులు. అది కూడా ఆ బరువును రెండు వెడల్పాటి పట్టాల మీద పరుచుకుని సాగుతుంది. ఉక్కుమనిషి అడుగు తీసి అడుగు వేసే ప్రతిసారీ డెబ్బై టన్నులూ ఒంటికాలి మీద నిలుస్తాయి. తొలకరి పడిన నల్లరేగడిలో అతను మోకాలి దాకా దిగబడతాడు. కాలు జారి బోర్లాపడితే తలలో కూర్చున్న మనిషి అయిదో అంతస్తు నుంచి దూకినట్టే. పైగా పడకముందు కూడా అతను అందరికీ కనిపించే గురి. వందేళ్లుగా ట్యాంకులు తయారుచేసేవారు వాటి ఎత్తును తగ్గించడానికే తంటాలు పడుతున్నారు. మొదటి ప్రపంచయుద్ధపు కందకాలు సైనికుడికి నేర్పిన పాఠం ఒక్కటే, నేలకు కరుచుకుని ఉండమని.

ప్రయత్నించినవారు లేకపోలేదు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో జర్మనీ 188 టన్నుల ‘మౌస్’ ట్యాంకును తయారుచేసింది. దాన్ని మోయగల వంతెనలు లేక, నది అడుగునుంచి నడిపించాలని ఆలోచించారు. రెండు నమూనాల దగ్గరే కథ ముగిసింది. 1960ల చివర్లో అమెరికా సైన్యం కోసం జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ నాలుగు కాళ్ల నడిచే ట్రక్కును చేసింది. లోపలి మనిషి తన రెండు చేతులూ రెండు కాళ్లూ కదిపితే యంత్రం నాలుగు కాళ్లూ కదిలేవి. నడిపేవాడు కాసేపటికే అలసిపోయేవాడు. అదే సైన్యపు మెరైన్ దళం సామాను మోయడానికి తయారుచేయించుకున్న నాలుగు కాళ్ల రోబోను 2015లో పక్కనపెట్టింది. అది చేసే చప్పుడుకు శత్రువు దూరం నుంచే పసిగడతాడన్నది కారణం. 2020లో యొకొహామా రేవులో నిజంగానే 18 మీటర్ల గండమ్‌ను కదిలించి చూపారు. అయితే వెనుకనుంచి ఒక ఉక్కు చట్రం దాని నడుము పట్టుకునే ఉంది. ప్రపంచంలోకెల్లా ప్రసిద్ధుడైన ఆ యోధుడు తన కాళ్ల మీద తాను నిలబడలేదు.

ఇవన్నీ ప్రయోగాలు, ప్రదర్శనలు. మనుషులను లోపల కూర్చోబెట్టి, కవచం తొడిగిన ఎత్తైన యంత్రాన్ని నిజంగా యుద్ధభూమిలోకి పంపి, అది నేలతో తలపడితే ఏమవుతుందో చూసిన చోటు ఒకటి మనకు దగ్గరలో ఉంది. అది బస్తర్. అందులోనూ బీజాపూర్ జిల్లాలోని ఉసూరు ప్రాంతం.

ఆ ఊరి పేరు వింటేనే తెలుగు చెవికి నిట్టూర్పు వినిపిస్తుంది. ములుగు జిల్లా వెంకటాపురం దాటితే కర్రెగుట్టలు, ఆ గుట్టలకు అవతల ఉసూరు. అక్కడి దోర్లల మాటలో తెలుగు కలిసి ఉంటుంది. బాసగూడ పక్కనుంచి పారే తాలిపేరు మన చర్ల దగ్గర ప్రాజెక్టు నిండి గోదావరిలో కలుస్తుంది. అక్కడి కూలీలు ఏటా మిరప కోతలకు మన చేలలోకి వస్తారు. ఢిల్లీకి అది దండకారణ్యంలో ఒక ఎర్ర చుక్క. మనకు అది గుట్ట అవతలి ఇల్లు.

ఆ అడవి దారుల్లోకి ప్రభుత్వం పంపిన ఉక్కుమనిషి పేరు మైన్‌ప్రూఫ్ వాహనం. దాని పుట్టిల్లు దక్షిణాఫ్రికా. డెబ్బయ్యవ దశకంలో అక్కడి జాతివివక్ష ప్రభుత్వమూ, పక్కనున్న రొడీషియా శ్వేతజాతి ప్రభుత్వమూ గెరిల్లాల మందుపాతరలకు విరుగుడుగా ఎత్తైన, అడుగుభాగం పడవలా కోసుగా ఉండే వాహనాలను రూపొందించాయి. పేలుడు ధాటి ఆ కోసు మీద రెండు వైపులకూ చీలిపోతుందన్నది సూత్రం. అలా పుట్టిన కాస్పిర్‌ను మన దేశం కొనుక్కుంది. ఆ తరహా వాహనాలను మన మెదక్ ఆయుధ కర్మాగారమూ తయారుచేసింది. కాస్పిర్ చక్రం కింద 21 కిలోల, పొట్ట కింద 14 కిలోల టీఎన్‌టీ పేలుడును తట్టుకుంటుందని లెక్క.

ఆ లెక్క తప్పేమీ కాదు. కానీ అవతలివాడూ లెక్కలు చదువుకున్నాడు. 2005 సెప్టెంబరు 3న, బీజాపూర్ ఇంకా దంతెవాడ జిల్లాలో ఉన్నప్పుడు, పదేడా దగ్గర మావోయిస్టులు అలాంటి వాహనాన్నే పేల్చివేశారు. 24 మంది చనిపోయారు. 2018 మార్చి 13న సుక్మా జిల్లా కిస్తారం దగ్గర మరో వాహనం పేలి తొమ్మిది మంది సీఆర్పీఎఫ్ జవాన్లు మరణించారు. అదే ఏడాది అక్టోబరు 27న, ఛత్తీస్‌గఢ్ ఎన్నికల తొలివిడత పోలింగుకు రెండు వారాల ముందు, ఉసూరుకు దగ్గరి ఆవపల్లి ఠాణా పరిధిలో, ముర్దండ శిబిరం నుంచి బయలుదేరిన వాహనం కిలోమీటరు దూరంలోనే పేలింది. నలుగురు చనిపోయారు. సీఆర్పీఎఫ్ అధిపతిగా ఉండగా కె.విజయ్ కుమార్ ఈ వాహనాలను చక్రాల మీది శవపేటికలతో పోల్చారు.

ఎందుకిలా జరిగిందన్నది ఇంజనీరు ప్రశ్న కాదు, అర్థశాస్త్ర ప్రశ్న. కవచానికి పది కిలోల పేలుడును అదనంగా తట్టుకునే శక్తి ఇవ్వాలంటే కొత్త ఉక్కు, కొత్త ఇంజను, కొత్త టెండరు, కొన్నేళ్ల కాలం కావాలి. మందుపాతరకు పది కిలోలు కలపాలంటే ఒక రాత్రి చాలు. 2006 ఫిబ్రవరిలో బైలదిల్లా దగ్గర హీరోలీలోని గనుల గోదాము మీద దాడిచేసి మావోయిస్టులు టన్నులకొద్దీ పేలుడు పదార్థాన్ని ఎత్తుకుపోయారు. భూమిని తవ్వి ఇనుము తీయడానికి తెచ్చిన మందు, ఆ ఇనుముతో చేసిన వాహనాల కిందికి చేరింది.

రెండో కారణం ఇంకా ముఖ్యం. వాహనం రోడ్డు దిగలేదు. రోడ్డు దిగలేనివాడు ఏ దారిన వస్తాడో ముందే తెలిసిపోతుంది. రాకాసి రోబోకూ అదే గతి. అడవిలో అతను తన దారిని తానే చేసుకుంటాడని సినిమా చూపిస్తుంది. ఇప్పచెట్లు, మద్దిచెట్లు, బండరాళ్లు, వాగులున్న గుట్టలో డెబ్బై టన్నుల మనిషికి అడుగుపెట్టే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ చోట్లను అతనికంటే ముందు లెక్కపెట్టుకునేది అక్కడే పుట్టి పెరిగినవాడు. 2025 ఏప్రిల్, మే నెలల్లో కర్రెగుట్టల మీద 21 రోజులపాటు జరిగిన గాలింపులో వేలాదిమంది బలగాలకు ఎండ, వడదెబ్బ, మందుపాతరలతోపాటు తేనెటీగలూ ఎదురయ్యాయి. బాంబులను వాసన పట్టే సీఆర్పీఎఫ్ జాగిలం రోలో దాదాపు రెండువందల తేనెటీగల కాట్లకు చనిపోయింది. మేడంత యంత్రాన్ని మోయలేని నేలే, తేనెటీగకు గూడిచ్చి కాపాడుతుంది. యుద్ధంలో నేల ఎప్పుడూ తటస్థం కాదు.

ఇంతవరకూ ఇది యంత్రం ఓడిన కథ. ఓడిన తర్వాత ప్రభుత్వం ఏం చేసిందన్నదే నాకు అసలు విషయం. కవచం పనిచేయనప్పుడు దిగి నడవాలి. దారి తెలిసినవాడే నడవగలడు. ఆ దారి తెలిసినవాడు ఆదివాసీ యువకుడు. సల్వాజుడుం రోజుల్లో అతని పేరు ప్రత్యేక పోలీసు అధికారి. అయిదో తరగతి చదివితే చాలు, నెలకు మూడువేల గౌరవవేతనం, చేతిలో తుపాకీ. వారి సంఖ్య 6,500 దాకా చేరింది. 2011 జులై 5న జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్‌ల ధర్మాసనం ఆ పద్ధతి రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని కొట్టివేసింది. పద్నాలుగేళ్ల తర్వాత సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడినప్పుడు కేంద్ర హోంమంత్రి అదే తీర్పును ఎత్తిచూపి విమర్శించారు. తీర్పు ఇంకా చర్చలో ఉందంటే అది తాకిన నరం ఇంకా సలుపుతున్నదని అర్థం. ఈలోగా ఆ యువకులకు వేరే యూనిఫాం వచ్చింది. 2008లో కాంకేర్, నారాయణపూర్‌లలో మొదలై తర్వాత బీజాపూర్‌కూ వచ్చిన జిల్లా రిజర్వు గార్డు దళం, అంటే డీఆర్‌జీ, స్థానిక యువకులతోనూ లొంగిపోయిన మావోయిస్టులతోనూ నిండింది.

ఇక్కడ నాకు ఘటోత్కచుడు గుర్తుకొస్తాడు. మాయాబజార్ ఘటోత్కచుడు కాదు, ద్రోణపర్వంలోనివాడు. హిడింబ కొడుకు, అడవిబిడ్డ. అర్జునుడి కోసం కర్ణుడు దాచుకున్న శక్తి అనే ఆయుధం అర్ధరాత్రి యుద్ధంలో అతని మీద ఖర్చయింది. కూలిపోతూ కూడా ఒళ్లు పెంచి శత్రుసేన మీద పడి ఒక అక్షౌహిణిని నలిపేశాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు మాత్రం సంతోషించాడు. అర్జునుడు బతికాడు కదా. మహాకాయం యుద్ధంలో ఎందుకు పనికొస్తుందో ఇంత నిక్కచ్చిగా చెప్పిన కథ మరొకటి నాకు తెలియదు. అది గెలవడానికి కాదు, ఇంకొకరికి తగలాల్సింది తనకు తగిలించుకోవడానికి.

2025 జనవరి 6న బీజాపూర్ జిల్లా కుత్రు దగ్గర అంబేలిలో, గాలింపు ముగించుకుని తిరిగివస్తున్న డీఆర్‌జీ జవాన్ల వాహనం పేలింది. ఎనిమిదిమంది జవాన్లూ, డ్రైవరూ చనిపోయారు. ఆ ఎనిమిదిమందిలో అయిదుగురు ఒకప్పుడు మావోయిస్టులు. పాతరేసినవాడూ అడవిబిడ్డే, పైనుంచి వెళ్లినవాడూ అడవిబిడ్డే. జపాన్ కథకులు ఈ సంగతిని మనకంటే సూటిగా చూశారనిపిస్తుంది. గండమ్‌ను నడిపే అమురో రే వయసు పదిహేనేళ్లు. పెద్దలు మొదలుపెట్టిన యుద్ధంలో యంత్రం లోపలికి ఎక్కేది పిల్లవాడు. ఆ కథలో అవాస్తవమైనది యంత్రం మాత్రమే.

నడక మొదలయ్యాక అవతలి పక్షమూ తన లెక్క మార్చుకుంది. రోడ్డు కింది యాభై కిలోల పాతర స్థానంలో కాలిబాట కింద కిలోనో రెండు కిలోలో ఉండే ప్రెషర్ బాంబు వచ్చింది. అది యూనిఫాం చూడదు, తొక్కిన కాలునే చూస్తుంది. తునికాకుకు, ఇప్పపువ్వుకు వెళ్లినవారు, పశువులు కాచేవారు, పశువులూ దానికి బలవుతున్నారు. ఆ ప్రాంతంలో ఒకసారి నేను నడుస్తున్నప్పుడు ముందు వెళ్తున్న పెద్దాయన నాకు చెప్పింది ఒక్కటే, తన అడుగులో అడుగు వేయమని. ప్రజల పేరు చెప్పి పోరాడేవారు ప్రజలు నడిచే బాట కింద మందు పెట్టడాన్ని ఏ సిద్ధాంతమూ సమర్థించలేదు. కర్రెగుట్టల గాలింపులో దొరికిన మందుపాతరలు 450 అని అధికారులు ప్రకటించారు. దొరకనివి ఎక్కడున్నాయో తొక్కేదాకా తెలియదు.

ఇప్పుడు మూడో అంకం నడుస్తున్నది. లోపల మనిషి అక్కర్లేని యంత్రం వచ్చింది. డ్రోను తేలిక, చవక, దానికి రోడ్డు అవసరం లేదు, తేనెటీగల భయం లేదు. రాకాసి రోబోకు ఉన్న లోపాలన్నీ తీరిపోయాయి. నిఘాకు డ్రోన్లు వాడుతున్నట్టు బలగాలు బహిరంగంగానే చెబుతున్నాయి. అంతకుమించి, ఆకాశం నుంచి బాంబులు పడ్డాయని 2021లోనూ 2023లోనూ బీజాపూర్, సుక్మా సరిహద్దు గ్రామాల వాళ్లు ఫిర్యాదు చేశారు. పోలీసులు ఆ ఆరోపణను తోసిపుచ్చారు. ఈ రెండు మాటల్లో ఏది నిజమో తేల్చాల్సింది స్వతంత్ర విచారణ. నన్ను వేధించే సంగతి ఇంకొకటుంది. వాహనం పేలినప్పుడు అలాంటి సందిగ్ధానికి తావు లేదు. జెండా కప్పిన పేటికలు ఊళ్లకు వెళ్లాయి, శాసనసభల్లో ప్రశ్నలు లేచాయి, ముఖ్యమంత్రులు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. లోపల మనిషి ఉన్నాడు కాబట్టి.

మనకు ఆ ఉక్కుమనిషి మీద మోజెందుకన్న ప్రశ్నకు నా జవాబు ఇదే. అతని ఆకారం కాదు మనల్ని కట్టిపడేసేది. అంత యంత్రం మధ్యలో ఇంకా ఒక మనిషి ఉండటం. అతను భయపడతాడు, అలసిపోతాడు, ఒక్కోసారి మీట తిప్పనంటాడు. యంత్రాన్ని పనికిరానిదిగా చేసేది అతని బలహీన శరీరమే. ఆ శరీరమే యుద్ధాన్ని రాజకీయానికి అందేంత దూరంలో ఉంచుతున్నది. అది లోపలి నుంచి తొలగిపోతే యుద్ధం తేలికవుతుంది. యుద్ధం ఎవరికైనా తేలిక కావడం ప్రజాస్వామ్యానికి మంచిది కాదు.

జవాన్లు చావాలా అని మీరు నిలదీయవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఎవరి బిడ్డా చావకూడదు. ఆ తొమ్మిదిమంది కిస్తారం జవాన్ల స్థానంలో ఒక ఖాళీ యంత్రం పేలి ఉంటే నేను సంతోషించేవాడిని. నేను అడుగుతున్నది, యంత్రం లోపలి మనిషిని తీసేసినప్పుడు అతనితోపాటు జవాబుదారీ కూడా దిగిపోకూడదని. ఆకాశంలోకి ఎగిరిన ప్రతి ఆయుధానికీ ఒక చిట్టా ఉండాలి. దాన్ని పంపిన అధికారికి ఒక పేరుండాలి. ఫిర్యాదు చేసిన గ్రామానికి వెళ్లి విచారించే, పోలీసులతో సంబంధంలేని యంత్రాంగం ఉండాలి. ఇవి విప్లవ కోరికలు కావు. ఒక లారీ గుద్దితే మనం అడిగేవే.

ఇంకొక పని మిగిలి ఉంది. మావోయిజాన్ని అంతం చేయడానికి కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా పెట్టుకుంది. తుపాకులకు గడువు పెట్టవచ్చు. భూమిలో ఉన్న ప్రెషర్ బాంబు క్యాలెండరు చూడదు. మనుషులను చంపే మందుపాతరలను నిషేధించిన 1997 నాటి ఒట్టావా ఒప్పందంలో మన దేశం చేరలేదు. చేరినా చేరకపోయినా, ఉసూరు గుట్టల్లో పెట్టినవారు చనిపోయో, లొంగిపోయో, మరిచిపోయో ఉన్న పాతరలను ఇప్పుడు తవ్వి తీయాల్సింది ప్రభుత్వమే. లొంగిపోయినవారికి ఏది ఎక్కడ పెట్టారో కొంతైనా గుర్తుంటుంది. వారిచేత పటాలు గీయించి, బాటబాటనూ సర్వే చేయించి, శుభ్రమైన దారికి గుర్తు పెట్టించవచ్చు. కాలు పోయిన రైతుకు, పశువు పోయిన కాపరికి పరిహారం వెంటనే అందేలా చూడవచ్చు. దానికి రాకాసి యంత్రాలు అక్కర్లేదు; లోహాన్ని పసిగట్టే పరికరాలు, శిక్షణ పొందిన జాగిలాలు, ఓపికగల మనుషులు, బడ్జెట్‌లో ఒక పద్దు చాలు.

వచ్చే సమావేశాల్లో బస్తర్ విజయం గురించి ప్రసంగాలు చాలా వింటాం. ఎన్ని శిబిరాలు, ఎన్ని రోడ్లు, ఎన్ని సెల్ టవర్లు అన్న అంకెలు వస్తాయి. వాటిలో ఇంకొక అంకె కోసం వెతకమని మిమ్మల్ని కోరుతున్నాను. తునికాకు కాలం మొదలయ్యేలోగా, వెదురు తట్ట నెత్తిన పెట్టుకున్న మనిషి భయం లేకుండా నడవగల కాలిబాట ఎన్ని కిలోమీటర్లు అయిందన్న అంకె అది. ఆ అంకె చెప్పగలిగిన మంత్రి ఏ పార్టీవాడైనా, అతని ప్రసంగాన్ని నేను మొదటి పేరాలో రాస్తాను.